లేచి వెళ్లిపోయిన మిలిటరీ తాతయ్య

కొన్నేళ్ల క్రిందటి మాట. ఒక ఆదివారం సాయంత్రం మా సంఘములోని ఒక ఇంట కుటుంబ ప్రార్థన ముగిసింది. ఆడవారు వంటింట్లో కాఫీ కలుపుతున్నారు. అప్పటిదాకా ఓపిక పట్టిన పిల్లలు చివరి ఆమెన్ వినబడగానే టీవీ పెట్టేశారు. తెర మీద ఎడారి, ఇసుక రంగు బండ్లు, ఇనుప టోపీలు పెట్టుకున్న కుర్ర సైనికులు. ఏదో ఇంగ్లీషు యుద్ధ సీరియల్. తుపాకులు మోగడం మొదలవగానే పిల్లలు చాప మీద ముందుకు జరిగారు. పెద్దవాళ్లం మేము కూడా మాటలు ఆపి అటే చూడసాగాము.

గోడవార కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఒక్కరే లేచారు. ఆయన సైన్యంలోని వైద్య విభాగంలో పనిచేసి రిటైరైనవారు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున గాయపడినవారిని స్ట్రెచర్ల మీద మోసినవారు. ఊళ్లో పిల్లలందరికీ ఆయన మిలిటరీ తాతయ్య. చెప్పులు వేసుకుని వసారాలోకి వెళ్తుంటే ఆ ఇంటి పిల్లవాడు, "తాతయ్యా, యుద్ధం సీరియల్! మీరు చూడరా?" అన్నాడు. "నేను చూశాన్లేరా" అని ఆయన బయటికి వెళ్లిపోయారు.

ఆయన ఆ సీరియల్ చూశారని పిల్లవాడు అనుకున్నాడు. మేము కూడా ఒక క్షణం అలాగే అనుకున్నాము.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం వదలలేదు. మనం ఎంతో ఇష్టంగా కూర్చుని చూసేదానిని, దానిని నిజంగా అనుభవించినవాడు చూడలేక లేచిపోయాడంటే, ఆ తెరకూ ఆ మనిషికీ మధ్య ఏదో తప్పిపోయిందన్నమాట. అదేమిటో తెలుసుకుందామని టీవీలో వచ్చిన పేరుగన్న యుద్ధ నాటకాలను గూర్చి చదివాము. కొన్నింటిని చూశాము. పాఠకులతో ఆ సంగతులే ఇక్కడ పంచుకుంటున్నాము.

నవ్వుల మధ్య ఆసుపత్రి

ఈ నాటకాలలో అన్నిటికన్నా ఎక్కువమంది చూసినది, ఎక్కువకాలం నడచినది "మాష్" అనే అమెరికా సీరియల్. యుద్ధరంగానికి దగ్గరలో గుడారాలు వేసుకుని శస్త్రచికిత్సలు చేసే సంచార సైనిక ఆసుపత్రికి ఇంగ్లీషులో ఉన్న పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది. కథ జరిగేది కొరియా యుద్ధంలో. ఆ యుద్ధం 1950 జూన్‌లో మొదలై 1953 జూలైలో సంధితో ఆగింది. అంటే మూడేళ్లు. సీరియల్ మాత్రం 1972 నుండి 1983 వరకు పదకొండేళ్లు నడచింది!

కొరియా పేరు పెట్టుకున్నా, అది మొదలయ్యేనాటికి అమెరికన్ల ఇళ్లలో మారుమోగుతున్నది వియత్నాం యుద్ధం. కొరియాలోని గుడారం చూపిస్తుంటే వియత్నాంలో ఉన్న తమ బిడ్డలే చూసేవారికి గుర్తుకు వచ్చేవారు. అది హాస్య ధారావాహిక. తెర వెనుక నుండి నవ్వుల శబ్దం కలపాలని టీవీ కంపెనీ పట్టుబట్టింది. అయితే ఆపరేషన్ గదిలోని దృశ్యాలకు మాత్రం ఆ నవ్వులు పెట్టబోమని నిర్మాతలు ఒప్పించుకున్నారు. రక్తం కారుతున్న చోట నవ్వు ఉండకూడదు. హాస్యం వ్రాసేవారికి కూడా ఆ హద్దు తెలిసింది. ఇంగ్లండులో బి.బి.సి. వారు ఆ నవ్వులను పూర్తిగా తీసివేసే ప్రసారం చేశారు.

ఆ గుడారాలు కల్పన కావు. హెలికాప్టర్లు గాయపడినవారిని నేరుగా ఈ ఆసుపత్రులకు చేర్చడం కొరియాలోనే పెద్ద ఎత్తున మొదలైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో వైద్యుల దగ్గరకు చేరిన అమెరికన్ క్షతగాత్రులలో వందకు నలుగురైదుగురు చనిపోతే, కొరియాలో ఆ సంఖ్య సుమారు రెండున్నరకు తగ్గింది. మన దేశం కూడా ఆ యుద్ధానికి తుపాకులు పట్టిన సైన్యాన్ని పంపలేదు. గాయాలు కట్టేవారినే పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ దళం 1950 చివరలో కొరియా చేరింది. ఆయనకు మహావీర చక్ర లభించింది. మా మిలిటరీ తాతయ్య వంటివారికి వీరు అన్నగార్లు.

1975 మార్చిలో "మాష్" ఒక సాహసం చేసింది. ఆ ఆసుపత్రి అధికారి హెన్రీ బ్లేక్ అందరికీ ఇష్టుడు, నవ్వించేవాడు. అతనికి ఇంటికి వెళ్లిపొమ్మని ఉత్తర్వు వస్తుంది. అందరూ వీడ్కోలు చెబుతారు. మామూలు సీరియల్ అయితే అక్కడితో శుభం. కాని చివరి నిమిషంలో ఒక కుర్ర గుమాస్తా సైనికుడు ఆపరేషన్ గదిలోకి వచ్చి, అతడు ఎక్కిన విమానాన్ని కూల్చివేశారనీ, ఎవరూ బ్రతకలేదనీ చదివి వినిపిస్తాడు. ఆ పుట షూటింగ్ ఆఖరు వరకు చాలామంది నటులకు చూపించనేలేదట. వైద్యులు ముఖాలకు గుడ్డలు కట్టుకుని, చేతులు ఆపకుండా, ఎదురుగా ఉన్న గాయాన్ని కుడుతూనే ఉంటారు. చూసినవారిలో చాలామంది కోపంతో ఉత్తరాలు వ్రాశారు. నవ్వుకుందామని కూర్చున్నవారిని ఏడిపించారని వారి ఫిర్యాదు. కాని ఇంటికి బయలుదేరిన కొడుకు ఇల్లు చేరకపోవడం యుద్ధంలో వింత కాదు. ఉత్తరం వ్రాయడానికి కూడా చిరునామా దొరకని తల్లులు ఆ దేశంలో అప్పటికే వేలమంది ఉన్నారు.

1983 ఫిబ్రవరి 28న వచ్చిన చివరి భాగాన్ని అమెరికాలో సుమారు 10 కోట్ల 60 లక్షల మంది చూశారు. అందులో రెండు సంగతులు మరువరానివి.

మొదటిది డాక్టరు హాక్‌ఐ కథ. పదకొండేళ్లు అందరినీ నవ్వించిన ఈ వైద్యుడు చివరి భాగంలో మానసిక చికిత్సాలయంలో ఉంటాడు. ఒక రాత్రి బస్సులో కాందిశీకులతో కలిసి దాగి ఉన్నప్పుడు శత్రువులు దగ్గరకు వస్తారు. ఒకామె చేతిలోని కోడి అరుస్తుంటే, నోరు మూయించమని తాను గద్దించానని, ఆమె దానిని చంపేసిందని అతనికి గుర్తు. వైద్యుడు ఓపికగా అడుగుతూ పోగా చివరికి నిజం బయటపడుతుంది. అది కోడి కాదు. ఆమె చంటిబిడ్డ. భరించలేని దానిని మనసు ఎలా మార్చి దాచుకుంటుందో ఇంతకన్నా సరళంగా చెప్పిన నాటకం మాకు కనబడలేదు.

రెండవది ఆ శిబిరంలోని సైనిక గురువు ఫాదర్ ముల్కాహీ కథ. గుండ్లు పడుతుండగా బందీలుగా కంచెలో చిక్కుకున్న శత్రు సైనికులను విడిపించడానికి ఆయన పరుగెత్తుతాడు. దగ్గరలోనే గుండు పేలి ఆయన వినికిడి పోతుంది. ఈ సంగతి తెలిస్తే తనను ఇంటికి పంపివేస్తారని, అక్కడి అనాథ పిల్లలకు దూరమవుతానని, ఎవరికీ చెప్పవద్దని తోటి వైద్యుని బ్రతిమాలుకుంటాడు. అన్నేళ్లు అందరి ఒప్పుకోళ్లూ విన్న చెవులు అవి. యుద్ధం ముగిసిన వేళ ఆయన మిగిలినవారి పెదవుల కదలికను చూసి మాట తెలుసుకోవలసి వచ్చింది. తుపాకి పట్టనివాడు కూడా యుద్ధం నుండి ఏమీ పోగొట్టుకోకుండా తిరిగి రాలేడని ఆ కథ చెబుతున్నది.

నర్సమ్మల యుద్ధం

వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. దానిని పేరు పెట్టి సీరియల్‌గా చూపించడానికి అమెరికా టీవీకి ఇంచుమించు పన్నెండేళ్లు పట్టింది. 1987లో "టూర్ ఆఫ్ డ్యూటీ" అనే సీరియల్ ఒక పదాతి దళాన్ని చూపించింది. మరుసటి సంవత్సరం వచ్చిన "చైనా బీచ్" దనాంగ్‌లోని ఆసుపత్రిని, అందులోని నర్సులను చూపించింది. వియత్నాంలో నర్సుగా పనిచేసిన లిండా వాన్ డెవాంటర్ 1983లో ప్రచురించిన తన జీవిత కథ దీనికి ప్రేరణ అంటారు. దానిని రూపొందించిన ఇద్దరిలో విలియం బ్రాయిల్స్ స్వయంగా ఆ యుద్ధంలో పనిచేసినవాడే.

వియత్నాంలో పనిచేసిన అమెరికన్ స్త్రీలు సుమారు 11 వేల మంది. వారిలో ఎక్కువమంది నర్సులే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయిలు. చనిపోబోతున్న కుర్రవాడి చేయి పట్టుకుని కూర్చున్నవారు. ఇంటికి వచ్చాక వీరిని ఎవరూ ఏమీ అడగలేదు. "నీవు యుద్ధం చేయలేదుగా, నర్సువేగా" అన్నారు. ఈ సీరియల్ ఒక భాగంలో ఆ యుద్ధంలో నిజంగా పనిచేసినవారిని పిలిచి, కెమెరా ముందు కూర్చోబెట్టి, వారి మాటలను కథాదృశ్యాలతో కలిపి చూపించింది. చివరి సంవత్సరం భాగాలలో యుద్ధం ముగిసిన తరువాతి కాలానికి వెళ్లి, కథానాయిక అయిన నర్సు తాగుడుకు ఎలా బానిసైందో, ఎంత కష్టంతో తిరిగి నిలబడిందో చూపించింది.

సీరియల్ 1991లో ఆగిపోయింది. 1993 నవంబర్ 11న వాషింగ్టన్‌లో ఆ స్త్రీల జ్ఞాపకార్థం ఒక శిల్పాన్ని ఆవిష్కరించారు. అందులో ఒకామె గాయపడిన సైనికుని ఒడిలో పట్టుకుని ఉంటుంది. చనిపోయినవారి పేర్లు చెక్కిన ప్రసిద్ధమైన నల్లరాతి గోడకు కొద్ది దూరంలోనే అది ఉన్నది. ఆ గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి. అందులో స్త్రీల పేర్లు ఎనిమిది.

యుద్ధం సాగుతుండగానే

2003 మార్చి 20న అమెరికా, దాని మిత్రదేశాలు ఇరాక్ మీద దాడికి దిగాయి. మూడు వారాలలో బాగ్దాదు పడిపోయింది. ఏ భయంకరమైన ఆయుధాలు ఉన్నాయని చెప్పి యుద్ధానికి వెళ్లారో ఆ ఆయుధాలు దొరకలేదు. యుద్ధం మాత్రం ఆగలేదు. 2011 డిసెంబర్‌లో అమెరికా సేనలు వెనుకకు వచ్చేసరికి సుమారు నాలుగున్నర వేలమంది అమెరికా సైనికులు చనిపోయి ఉన్నారు. ఇరాక్ ప్రజలలో లెక్కకు అందినవారే లక్షకు పైగా.

ఆ యుద్ధం మధ్యలో, 2005 జూలైలో, "ఓవర్ దేర్" అనే సీరియల్ మొదలైంది. సాగుతున్న యుద్ధాన్ని అది సాగుతుండగానే సీరియల్‌గా తీయడం అమెరికాలో అదే మొదటిసారి అంటారు. మొదటి భాగంలోనే ఒక యువ సైనికుడి కాలు పోతుంది. తరువాతి భాగాలలో అతడు ఆసుపత్రిలో, ఇంట్లో ఎలా బ్రతుకుతున్నాడో చూపిస్తారు. సైనికుల భార్యలను, పిల్లలను కూడా చూపిస్తారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కాని యుద్ధానికి వెళ్లివచ్చిన కొందరు, "సైనికులు అలా మాట్లాడరు, అలా నడవరు" అని తప్పు పట్టారు. సరిపోయినంత మంది చూడక 13 భాగాలతో అది ఆగిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. కొడుకు ఇరాక్‌లో ఉన్నాడు. రాత్రి భోజనం ముగించి టీవీ ముందు కూర్చున్న తల్లి ఆ సీరియల్ ఎలా చూస్తుంది? ప్రకటనల విరామంలో ఫోను మోగితే ఆమె గుండె ఏమవుతుంది? పక్కింటివారికి అది వినోదం. ఆమెకు కాదు.

వీడియో చూస్తూ లేచిపోయినవారు

మూడేళ్ల తరువాత, 2008లో, "జనరేషన్ కిల్" వచ్చింది. ఏడు భాగాలే. ఇవాన్ రైట్ అనే పత్రికా విలేఖరి 2003లో దాడి జరిగిన రోజుల్లో అమెరికా మెరైన్ దళంతో పాటు ఒకే బండిలో ప్రయాణించి, చూసినదీ విన్నదీ వ్రాసిన పుస్తకం దీనికి ఆధారం. డేవిడ్ సైమన్, ఎడ్ బర్న్స్ దీనిని తెరకెక్కించారు. నిజంగా ఆ దళంలో పనిచేసిన రూడీ రేయెస్ తన పాత్రను తానే ధరించాడు.

ఇది పిల్లలతో కలిసి చూడదగినది కాదని ముందే చెబుతున్నాము. బూతు మాటలు అడుగడుగునా ఉన్నాయి. అయితే పెద్దలు తెలుసుకోవలసినవి ఇందులో కొన్ని ఉన్నాయి. మొదటిది, దీనికి నేపథ్య సంగీతం లేదు. మన సినిమాలలో వీరుడు తుపాకి ఎత్తగానే డప్పులు మోగుతాయి. ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఉప్పొంగాలో ఆ సంగీతమే చెబుతుంది. ఇక్కడ ఇంజను శబ్దం, రేడియోలో మాటలు, విసుగెత్తి పాడుకునే సైనికుల గొంతులు మాత్రమే. వారు యుద్ధం చేసేదానికన్నా ఎదురుచూసేది ఎక్కువ. చీకట్లో చూసే పరికరాలకు బ్యాటరీలు చాలవు. తుపాకులకు సరైన నూనె అందదు. పై అధికారి ఉత్తర్వు గంటకొకటి మారుతుంది.

ఒక చోట, ముందున్నవారందరినీ శత్రువులుగానే ఎంచమని ఉత్తర్వు వస్తుంది. పందొమ్మిదేళ్ల కుర్ర సైనికుడు దూరంగా ఏదో చూసి కాలుస్తాడు. కొంతసేపటికి ఇద్దరు స్త్రీలు ఏదో ఈడ్చుకుంటూ వస్తారు. అవి పశువులు కాచే ఇద్దరు పిల్లల దేహాలు. ఒంటెలను మేపుకుంటున్నవారు. ఒక పిల్లవాని గాయం ప్రాణం మీదికి వచ్చింది. వైద్య సైనికుడు వాడిని ఆసుపత్రికి పంపాలంటాడు. నియమాలు ఒప్పుకోవని పైవారు అంటారు. అప్పుడు ఆ సైనికులు పిల్లవాడిని స్ట్రెచర్ మీద మోసుకుని వెళ్లి అధికారి గుడారం దగ్గరే దించుతారు. చనిపోతే ఇక్కడే, మీ కళ్ల ముందే చనిపోనివ్వండి అన్నట్లు. చివరికి అనుమతి వస్తుంది.

కాల్చమన్నది ఒకరు, కాల్చినది ఒకరు, మోసినది అందరూ. తప్పు ఎవరిదో ఆ నాటకం తీర్పు చెప్పదు. చెప్పకపోవడం వలననే చూసినవారికి నిద్ర పట్టదు.

చివరి దృశ్యం చూసినప్పుడు మాకు మా మిలిటరీ తాతయ్య గుర్తుకు వచ్చారు. యుద్ధం అయిపోయిందనుకుని సైనికులందరూ ఒకచోట చేరతారు. దారిలో చిన్న కెమెరాతో తీసుకున్న దృశ్యాలను ఒకడు కూర్చి వీడియో చేశాడు. అందరూ గుమికూడి చూస్తారు. మొదట నవ్వులు, కేకలు. తమను తాము చూసుకుని భుజాలు తట్టుకుంటారు. తరువాత కాలిన ఇళ్లు, దారిపక్క శవాలు. నవ్వులు ఆగిపోతాయి. ఒకడు లేచి వెళ్లిపోతాడు. మరొకడు. ఇంకొకడు. చివరికి ఆ కుర్ర సైనికుడొక్కడే మిగులుతాడు. సంగీతం లేని ఆ ధారావాహికలో అప్పుడు మాత్రం జానీ క్యాష్ పాట ఒకటి వినబడుతుంది. ఆయన దానిని ప్రకటన గ్రంథం ఆధారంగా వ్రాశాడు. తీర్పు దినమును గూర్చిన పాట అది.

అంతా అబద్ధమైతే ఆ సైనికులు లేచి వెళ్లేవారు కాదు. అది మరీ నిజం కాబట్టే కూర్చోలేకపోయారు.

తెరకు అవతల ఉన్న తల్లి

మన దేశంలోనూ ఇటువంటివి రాలేదని కాదు. 1988లో చేతన్ ఆనంద్ దూరదర్శన్ కోసం "పరమ వీర చక్ర" సీరియల్ తీశారు. అంతకుముందు 1964లో చైనా యుద్ధం మీద "హకీకత్" సినిమా తీసినవారు ఆయనే. 1989లో వచ్చిన "ఫౌజీ" సైనిక శిక్షణను చూపించింది. ఊరికి నాలుగైదు టీవీలున్న ఆ రోజుల్లో కిటికీల దగ్గర నిలబడి చూసిన పిల్లలలో కొందరు తరువాత నిజంగానే సైన్యంలో చేరి ఉంటారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వంటి ఊరికైతే సీరియల్‌తో పని లేదు. మిలిటరీ మాధవరమని పేరే పడిన ఊరది. తరతరాలుగా ఇంటింటి నుండి మనుషులు సైన్యానికి వెళ్లారు.

పరమ వీర చక్ర ఇంతవరకు 21 మందికే లభించింది. వారిలో 14 మందికి అది మరణానంతరం వచ్చింది. అంటే పతకం అందుకున్నది భార్యో, తల్లో, తండ్రో. అటువంటివారిలో ఒకరు లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా. ఈనాటి జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాకు చెందిన ఆదివాసీ క్రైస్తవుడు. 1971 డిసెంబర్ 3న తూర్పు సరిహద్దున గంగాసాగర్ దగ్గర పోరాడి ప్రాణమిచ్చాడు. అతని దేహం సొంత ఊరికి రాలేదు. అగర్తలా దగ్గరలోనే భూస్థాపన చేశారు. పతకం ఇంటికి వచ్చింది, మనిషి రాలేదు. వీరగాథను తెర మీద అరగంటలో చూపించవచ్చు. ఆ తరువాత ఆ ఇంటిలో గడచిన సంవత్సరాలను ఎవరు చూపిస్తారు?

ఇంకొక లోటు కూడా ఉన్నది. ఏ దేశం తీసిన నాటకంలోనైనా శత్రువుకు పేరుండదు. కొరియా, వియత్నాం, ఇరాక్, ఈ కథలన్నిటిలోనూ అమెరికా సైనికుడికి ఊరున్నది, ప్రియురాలున్నది, జేబులో ఉత్తరమున్నది. అవతలివాడు పొదల్లో కదిలే నీడ. "జనరేషన్ కిల్" వంటి మంచి నాటకంలో కూడా, గాయపడిన ఆ కాపరి పిల్లవాని తల్లి తరువాత ఏమైందో మనకు తెలియదు. బండ్లు ముందుకు సాగిపోతాయి. కెమెరా కూడా వాటితోనే వెళ్లిపోతుంది. మన సినిమాలు, సీరియళ్లు కూడా ఈ విషయంలో తక్కువ తినలేదు.

బేత్లెహేము నీళ్లు

సైనికుడు పడిన అపాయాన్ని మనం ఎలా అందుకోవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మన పాఠకులకు బాగా తెలిసిన ఒక సంగతి మాకు గుర్తుకు వస్తుంది. దావీదు దాహముతో, బేత్లెహేము బావి నీళ్లు దొరికితే బాగుండునని ఆశపడ్డాడు. ముగ్గురు వీరులు శత్రువుల దండులోనుండి చొరబడి ఆ నీళ్లు తెచ్చారు. దావీదు వాటిని తాగలేదు. ప్రాణానికి తెగించి తెచ్చిన ఆ నీళ్లు ఆ మనుష్యుల రక్తముతో సమానమని ఎంచి, దేవుని ఎదుట నేల మీద పారబోశాడు.

మరి మనమో? వేరొకరు ప్రాణానికి తెగించిన కథను పకోడీలు నములుతూ చూస్తాము. చూడడమే తప్పని మేము అనడం లేదు. "మాష్" లేకపోతే ఎందరికో ఆ గుడారాల సంగతే తెలియదు. "చైనా బీచ్" రాకపోతే ఆ నర్సులను ఎంతమంది తలచుకునేవారు? చూడవచ్చు. కాని చూస్తున్నది ఎవరి రక్తమో తెలిసి చూడాలి.

ఇంట్లో ఇటువంటివి చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు మాకు తోచాయి. చిన్నపిల్లలను వీటి ముందు ఒంటరిగా వదలవద్దు. టీవీ అయినా సెల్‌ఫోన్ అయినా అంతే. పెద్దపిల్లలతో కలిసి చూసినప్పుడు, అయిపోయాక ఒక మాట అడగండి: "ఇందులో చనిపోయినవాళ్లలో ఎవరి పేర్లు మనకు చెప్పారు? ఎవరివి చెప్పలేదు?" ఆ ఒక్క ప్రశ్నకు పిల్లలు ఇచ్చే జవాబులు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి. ఇంకొకటి: "ఈ కుర్రవాడు ఇంటికి వెళ్లాక రేపు పొద్దున లేచి ఏం చేస్తాడు?" అని అడగండి. యుద్ధమంటే ఆట కాదని ఉపన్యాసం చెప్పనక్కర లేకుండానే వారికి తెలుస్తుంది.

మీ బంధువులలోనో, మీ వీధిలోనో సైన్యం నుండి వచ్చినవారుంటే, "ఎంతమందిని చంపావు?" అని సరదాకైనా అడగవద్దు. పిల్లలను అడగనివ్వవద్దు. వారు చెప్పాలనుకున్నప్పుడు వినండి. చెప్పకపోతే వదిలేయండి. యుద్ధం చూసినవారికి నిద్రలో కేకలు, ఉలికిపాటు, కారణం లేని కోపం, మనుషులకు దూరంగా ఉండడం వంటివి ఏళ్ల తరబడి ఉండవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీనిని గుండ్ల అదురు అన్నారు. కొందరిని పిరికివారని శిక్షించారు కూడా. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని జబ్బుగా గుర్తించి పేరు పెట్టింది. అయినా ఆ దేశంలో ఏటా ఆరు వేలమందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. తుపాకి గుండుకు చిక్కనివారు ఇంటికి వచ్చాక రాలిపోతున్నారు.

మన వద్ద మాజీ సైనికులకు ఇ.సి.హెచ్.ఎస్. వైద్యశాలలు ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. ఎవరైనా సరే, మనసు బాగా లేనప్పుడు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. సిగ్గుపడవలసిన పని కాదు. కాలు విరిగితే కట్టు కట్టించుకోమా?

వసారాలో

ఆ ఆదివారం సంగతి ఇంకా కొంచెం మిగిలి ఉన్నది.

కాఫీ వచ్చింది. తాతయ్యకు ఇచ్చిరమ్మని ఆ ఇంటి ఇల్లాలు పిల్లవానికి గ్లాసు ఇచ్చింది. మేము కూడా వాని వెనకే వసారాలోకి వెళ్లాము. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపలి నుండి తుపాకుల మోత వినబడుతూనే ఉన్నది. పిల్లవాడు గ్లాసు ఇచ్చి వెళ్లిపోకుండా పక్కనే కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. అది మంచిదైంది.

కొంతసేపటికి ఆయనే అన్నారు: "ఒకణ్ణి మోసుకొస్తున్నాంరా. పొట్టలో తగిలింది. దారి పొడుగునా టైమెంత, టైమెంత అని హిందీలో అడుగుతూనే ఉన్నాడు. నా దగ్గర వాచీ లేదు. ఏదో ఒక టైము చెప్పేవాణ్ణి. నాలుగైంది అనేవాణ్ణి. నాలుగుంపావు అనేవాణ్ణి."

"తరవాత?"

"అడగడం మానేశాడు."

పిల్లవాడు కాసేపు ఊరుకుని, "అతనూ మీ బెటాలియన్‌వాడేనా తాతయ్యా?" అన్నాడు.

"కాదురా" అన్నారాయన. "అటువైపువాడు."

పిల్లవాడు లేచి లోపలికి వెళ్లాడు. మరుక్షణం టీవీ శబ్దం ఆగిపోయింది. మిగిలిన పిల్లలు గోల చేశారు. వాడు వారికి ఏమి చెప్పాడో మాకు వినబడలేదు. తిరిగి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయిందని చూసి, వేడి చేయించుకు వస్తానని గ్లాసు తీసుకున్నాడు.